గొడుగాయన పాట

ఆ ఆటల ఆయన పేరేందో ఎవ్వలకూ తెల్వదు.
తెర మీద జపాను అక్షరాలు పడుతుండె,
మాకు తెలుగు ఒత్తులే సక్కగ రాకపోతుండె.
చేతిల గొడుగున్నది, అందుకే గొడుగాయన.

వారాసిగూడల పిండిగిర్నీని ఆనుకొని
ఖలీల్ భాయ్ దుకాణం.
రెండు టీవీలు, నాలుగు స్టూళ్లు,
రూపాయికి పది నిమిషాలు.
గిర్నీ తిరిగినంతసేపు తెర మీద పిండి రాలుతుండె,
లోపటోళ్లంతా మంచుల కొట్టుకుంటున్నట్టే కనపడుతుండె.

అన్నను పిలుచుకరా పో అని అమ్మ తోలేది.
పోయి, పరదా పక్కన నిలబడి,
అమ్మ పిలుస్తున్నదన్న మాటను
బెల్లంముక్క లెక్క దవడకు పెట్టుకునేదాన్ని.
నాలుగో ఆటకు గొడుగాయన వస్తడు.
ఆయనతోని ఆయన పాట వస్తది.

ముందుగాల నాలుగు చుక్కలు,
రేకుల మీద వాన
పడుదునా వద్దా అని అడిగినట్టు.
తర్వాత ఒక ఆగుడు.
ఆ ఆగుడంటేనే నాకు పానం.
ఆ సందుల ఎవరో చెప్పులు ఎతుక్కుంటున్నరు,
దొరికినయి, బయలెల్లిన్రు.
మూడే గొంతుల మిషనది.
ఒకటి పాడుతది, ఒకటి వంత పాడుతది,
మూడోది ఉత్త గరగర.
ఆ గరగరనే వాన.

మా అన్న మస్తు ఆడుతుండె. అదే నా కర్మ.
ముప్పై సెకండ్లల్ల గొడుగాయన నేల మీద,
పాట నడుమంతరాన కతం.
వాడు ఎంత బాగ ఆడితే పాట అంత పొట్టి.
అందుకే నాకు ఇష్టమైన ఆటగాడు మురహరి.
చేతులకు చెమటలు పట్టి
గుద్దబోయి దుంకుతుండె, దుంకబోయి కూసుంటుండె.
వాని పుణ్యాన అరవై దాక విన్న.
మిగిలిన ముప్పై తొమ్మిదిల ఏమున్నదో
రాత్రులు నేనే అల్లుకునేదాన్ని, తప్పు తప్పుగ.

బోనాల నాడు చిన్నమ్మ పెట్టిన రూపాయి
ఖలీల్ భాయ్ గల్లాల ఏసిన.
నీకు వస్తదా బేటా, అన్నడు.
స్టూలు మీద కాళ్లు నేలకు అందలే.
మూడు ఆటలు అన్న గెలిచి ఇచ్చిండు,
సగం రూపాయి వాని లెక్క.
నాలుగోది నాది.

నేను కొట్టలే.
ఎనుక బటను ఒత్తిపట్టి కాచుకున్న, అంతే.
ఆయన గొడుగుతోని పొడుస్తనే ఉన్నడు.
పోరగాళ్లు నెత్తి కొట్టుకుంటున్నరు,
కొట్టవే, అరే కొట్టు, దీనికేమైందిరా!
నేను లెక్క పెడుతున్న.
అరవై ఒకటి. అరవై రెండు.

ఎనభై కాడ పాట మలుపు తిరిగింది.
ఎట్ల చెప్పాలె,
అంతసేపు కర్ర లెక్క తిప్పిన గొడుగును
ఆయన అప్పుడు యాదికొచ్చి విప్పినట్టు.
స్వరం పైకి లేచి గుండ్రంగ పరుచుకున్నది,
గరగర దాని మీద పడి పక్కలకు జారిపోయింది.
నేను తడవలే.

తొంభై తొమ్మిది. టైం కతం.
నూలుపోగంత తేడాతోని ఓడిన.
అన్న వారం రోజులు మాట్లాడలే,
సగం రూపాయి ఖరాబు చేసిన్నంట.

ఇప్పుడు గాంధీ దవాఖానల
మోకాళ్లకు కసరత్తు చేయిస్త.
మడమ కింద తువ్వాల చుట్ట పెట్టి
కాలు సాపి ఉంచుండ్రి, అంట.
గడియారం చూడ. లోపట ఆ పాట నడుపుత.
మెట్టుగూడ సౌభాగ్యమ్మ
రోజూ ఆగుడు కాడనే కాలు ముడుస్తది.
ముడవకమ్మా, ఇంకా చెప్పులు దొరకలే అంటే
పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తది.

మొన్న అన్న కొడుకు ఫోన్ల ఎతికి ఇనిపించిండు.
నలభై మంది కూసొని వాయించిన్రు అదే పాట.
మంచిగనే ఉన్నది. గరగర జాగల నిజం వాననే పెట్టిన్రు.
గిర్నీ బెల్టు పటపట మాత్రం లేదు.
ఆ తాళం పాటది కాదని
నలభై ఏండ్లు దగ్గరపడ్డంక తెల్సింది నాకు.
కింద ఆయన పేరు కూడ రాసున్నది అత్తా, అన్నడు.
చదవకురా, అంటి.

నిన్న సౌభాగ్యమ్మ కాలు
వణుక్కుంట వణుక్కుంట ఎనభై దాటింది.
ఏందమ్మా నీలో నువ్వే నవ్వుతున్నవ్, అన్నది.
గొడుగు విప్పిండు, అంటి.
ఆమె కిటికీల నుంచి బయటికి చూసింది.
ఎండ దంచుతున్నది.