టంగుటూరు చీటీ, ఒంగోలు చీటీ

టంగుటూరు చీటీలో ఉందన్నారు.
ఒంగోలు చీటీలో లేదన్నారు.
మధ్యన పన్నెండు రోజులు.

పొగాకు గ్రేడు చేసే చేతులు నావి.
బ్యారన్‌లోంచి దించిన ఆకు పొద్దుటి వెలుగులో నిమ్మపండు,
అదే ఆకు దీపాల వేళకు ఇటుకపొడి.
వేలంలో ఒకే చెక్కుకు
కంపెనీ మనిషి ఒక పేరు, బోర్డు మనిషి ఇంకో పేరు పెడితే
నవ్వి ఊరుకున్నదాన్ని.
నా నెత్తురుకు రెండు పేర్లు పెడితే
నవ్వు రాలేదు.

నాలుగో నెల. మామూలు పరీక్షలే అన్నారు.
షుగరు, రక్తం శాతం, గ్రూపు, ఇంకేవో.
నర్సమ్మ గొంతు తగ్గించి
"మీ ఆయన్ని కూడా తీసుకురా" అంది.
గొంతు తగ్గించినప్పుడే సగం అర్థమయింది,
మిగతా సగం ఎవరూ చెప్పలేదు.
చీటీ మడిచి రవికలో పెట్టుకున్నాను,
ఇంటికి చేరేలోపు చెమటకు
అక్షరాలు చెరిగిపోతాయేమోనని.
చెరగలేదు.

ఆ రాత్రి ఏలియా చీమకుర్తి నుంచి వచ్చాడు,
కనుబొమ్మల మీద రాతిపొడి.
అన్నం పెట్టి, పక్కనే చీటీ పెట్టాను.
చదివాడు. చదువు రానివాడిలా మళ్ళీ చదివాడు.
నేనేం అడగలేదు.
దేవుడి తోడు, ఒక్క మాట అడగలేదు.

"ఒక్కసారే" అన్నాడు.

రాయి లోడుతో కృష్ణపట్నం పోయిన రాత్రి,
కావలి దాటాక, రెండేళ్ళ కిందట.
కంచంలో పులుసు చల్లారి
పైన నూనె తేలింది.

పన్నెండు రోజులు
నా గ్లాసు వేరు, ఆయన గ్లాసు వేరు.
(గ్లాసుతో అంటదని తర్వాత తెలిసింది.)
రాత్రిళ్ళు కడుపు మీద చెయ్యేసుకుని
లోపలున్నదాన్ని క్షమించమని అడిగాను,
తప్పెవరిదో తేలకముందే.

ఒంగోలు పెద్దాసుపత్రి, పదిహేడో నంబరు గది.
మస్తాన్‌బీ మేడం కుర్చీ నా వైపు లాక్కుని చెప్పింది.
"మొదటి పరీక్ష దొంగను చూడదమ్మా,
ఊళ్ళో కుక్కలు మొరిగాయా అని వింటుంది, అంతే.
కడుపుతో ఉన్నా ఒక్కోసారి మొరుగుతాయి,
పోయిన నెల నీకొచ్చిన కీళ్ళ జ్వరానికీ మొరుగుతాయి.
రెండోది దొంగ అడుగుజాడ వెతుకుతుంది.
జాడ లేదు. నీలోనూ లేదు, ఆయనలోనూ లేదు."
మరి మళ్ళీ ఎందుకు రమ్మంటున్నారని అడిగితే
"నిన్నగాక మొన్న దూరినవాడయితే
జాడ పడడానికి కొన్నాళ్ళు పడుతుంది.
నాలుగు వారాలాగి ఇంకోసారి చూస్తే
నీకూ నిశ్చింత, నాకూ నిశ్చింత" అంది.

బయట చెరుకురసం బండి దగ్గర
గ్లాసు చేత్తో పట్టుకుని ఏలియా ఏడ్చాడు.
లేదంట, లేదంట అంటూ ఏడ్చాడు.
నాకూ ఏడుపొచ్చింది. సంతోషమే, అబద్ధమెందుకు.
బస్సులో సింగరాయకొండ బోర్డు కనబడేదాకా సంతోషమే.

ఆ పక్కన, ఇంకా ముందుకు పోతే,
కావలి.

కుక్కలు ఊరికే మొరిగాయి, సరే.
ఆ మొరుగుడుకు బెదిరి
ఎవరూ వెతకని దొంగ తలుపు తీసుకుని వచ్చి
"నేనే" అన్నాడు కదా.

రెండు చీటీలూ రేషన్ కార్డు కవర్లో ఉన్నాయి.
ఒంగోలుది ఒప్పు, టంగుటూరుది తప్పు.
తప్పు చీటీ మోసుకొచ్చిన నిజాన్ని
ఏ గ్రేడులో కట్టాలో తెలియక పక్కన పెట్టాను.
ఇంకా తేమ మీద ఉంది.
ఇప్పుడే చెక్కు కట్టేస్తే
లోపల్లోపల బూజు పడుతుంది.

వచ్చే నెల రెండో మంగళవారం,
ఎనిమిదింటి బస్సు.
ఇద్దరం పోవాలి.