చేతులు దులుపుకోని మనిషి

మార్చి ముప్పయ్యొకటి. స్వాన్సీలో వాన.
ప్రీమియం గడువు ఇవాళేనని ఫోన్ చేశాను.
"వ్యాన్ అమ్మేశానమ్మాయ్" అన్నాడు గెథిన్ ప్రోసెర్.
నిచ్చెన మేనకోడలికి, డ్రిల్లు చర్చికి.
మీటరు మాత్రం ఉంచుకున్నాడట, ఊరికే.

అయితే పాలసీ కొట్టేయనా అన్నాను.
వ్యాన్‌లో పనిముట్లు పోతే ఇచ్చేది,
సహాయకుడికి షాక్ కొడితే ఇచ్చేది,
గడి గడికీ అడ్డగీత గీస్తూ వచ్చాను.
'పరులకు జరిగే నష్టం' దగ్గర ఆగమన్నాడు.

"మంబుల్స్ బేకరీలో పొయ్యి వెనక లైను
తొంభై ఎనిమిదిలో నేనే లాగాను.
హార్పర్ గారి మెట్ల కింద బోర్డు.
బడిలో పసిపిల్లల గది.
పైన ప్లాస్టర్ పూశారు, రంగులు మార్చారు,
లోపల నేనున్నానని మర్చిపోయారు.
ఎలుక కొరకొచ్చు. చెమ్మ దిగొచ్చు.
అదీగాక
మా ఆవిడ ఆసుపత్రిలో ఉన్న వారం
ఒక స్క్రూ సగమే తిప్పానేమోనని..."

ఎవరింట్లో?

"అదే గుర్తులేదు."

గొంతు సవరించుకుని చెప్పాను:
పని మానేసినవాళ్ళకీ ఒక కవరుంది,
పాత పనులకి మాత్రమే,
ఏడాదికి నూట పద్దెనిమిది పౌన్లు.
బేరమాడలేదు. రాసుకోమన్నాడు.
వృత్తి అన్న గడిలో 'విశ్రాంత' అని కొట్టి
ఎందుకో చెరిపేశాను.

"ఇంతకీ చేతులు దులుపుకోవడానికి
ఎన్నాళ్ళు పడుతుందమ్మాయ్?"

పాలసీ ప్రకారం ఆరేళ్ళు.

నవ్వాడు.
అతని వంటింట్లో కెటిల్
టక్కున ఆగింది.
ఇద్దరం విన్నాం.