ఆలోచనకి చప్పుడు

క్యాబేజీని కత్తితో కొయ్యకూడదు.
రెండు బొటనవేళ్లూ లోపలికి దిగేసి చీల్చాలి.
అప్పుడే పుర్రె పగిలినట్టు వినబడుతుంది.
పుచ్చకాయ మరీ తడి,
జనం నవ్వేస్తారు.

మాంట్రియల్‌లో, ఒక బేకరీ కింద నేలమాళిగలో
పందొమ్మిదేళ్లుగా ఇదే నా పని.
తెర మీద వాళ్లు చస్తారు,
చప్పుడు నేను చేస్తాను.
ఎముకలకి సెలరీ కాడలు.
మంచులో అడుగులకి
తోలుసంచిలో మొక్కజొన్న పిండి.
ముద్దులకి నా ముంజేయి,
అది మాత్రం ఎవరికీ చెప్పను.

ఈసారి సినిమాలో ఐదుగురు పిల్లలు.
సాగనే నది ఒడ్డున మూతపడ్డ క్షయ ఆసుపత్రి.
ముట్టుకోకుండా గాజు పగలగొట్టే లియొకాడీ,
ఎవరి కలలోకైనా
బూట్లు విప్పకుండా నడిచిపోయే కుర్రాడు,
ఒకరిని గిల్లితే ఇంకొకరి ముక్కు కారే కవలలు,
ముక్కులోంచి నెత్తురు.
ఐదోవాడు ఏం చేయగలడో
చివరిదాకా చెప్పరు.
వాళ్లని పెంచే డాక్టరు
ఒక్కో హత్యకీ ఒక్కో పంచదార బిళ్ల
నాలుక మీద పెడతాడు.
మూడో రీలు కల్లా అతని పళ్లు
ఒకటొకటే ఊడి కాఫీ కప్పులో పడతాయి.
ఎండు బఠాణీలు వాడాను. సరిపోయాయి.

దర్శకుడు అర్మెల్
వెలిగించని సిగరెట్టు నోట్లో పెట్టుకుని అన్నాడు:
"గాజు పగలడానికి ముందు
ఆ పిల్ల మూడు సెకన్లు ఊరికే చూస్తుంది కదా,
అక్కడ చప్పుడు కావాలి."
ఏం చప్పుడు?
"అనుకునే చప్పుడు."

గ్లాసు అంచు మీద తడివేలు తిప్పాను.
శ్రుతిదండం నీళ్లలో ముంచాను.
పాత ఫ్రిజ్ గొణుగుడు రికార్డు చేశాను.
అతను తల అడ్డంగా ఊపాడు.
అన్నిటికీ ఊపాడు.

ఆ రాత్రి బేకరీ పొయ్యిలు ఆరాక,
చీమ చిటుక్కుమన్నా వినబడే గదిలో
మైకు ముందు కూర్చుని
ఏమీ చెయ్యలేదు.
తెర మీద ఆ పిల్ల గాజుని చూస్తోంది,
నేను ఆ పిల్లని చూశాను.

టేపు వెనక్కి తిప్పి విన్నాను.

ఎవరో అంకెలు లెక్కపెడుతున్నారు.
గొంతు కాదది. గొంతుకి ముందుండేది.
తొమ్మిది, ఎనిమిది, ఏడు,
మా రిమూస్కి పిల్లలం
దాగుడుమూతల్లో సాగదీసినట్టు సాగదీస్తూ.

తొమ్మిదేళ్లప్పుడు, కాన్వెంటు పడకగదిలో
సిస్టర్ ఫిలోమెన్ నెత్తిమీది బల్బు వైపు
ఊరికే చూశాను.
ఊరికే అనే చెప్పాను అందరికీ.
కుట్లు పదకొండు పడ్డాయి ఆవిడకి.
అప్పటి నుంచి గాజు వస్తువుల వైపు
వారగా చూడ్డం అలవాటు చేసుకున్నాను.

టేపు అర్మెల్‌కి ఇచ్చేశాను.
ఇవ్వకుండా ఉండాల్సింది.
బిల్లులో "గది నిశ్శబ్దం, మూడు సెకన్లు" అని రాశాను,
నలభై డాలర్లు.

షికూతిమీలో మొదటి ఆట.
హాల్లో పాప్‌కార్న్ నములుడు, దగ్గులు,
తడికోట్ల ఉన్ని వాసన.
ఆ మూడు సెకన్లు వచ్చాయి.
దగ్గులు ఆగాయి.
ఎవరూ అరవలేదు,
రెండు వందల మంది ఒక్కసారే
ఎడమ చెవి మీద చెయ్యి పెట్టుకున్నారు.

మూడో వరసలో ఒక పిల్ల,
పన్నెండేళ్లుంటాయేమో, ఎర్ర ఊలు టోపీ,
చెయ్యి పెట్టుకోలేదు.
తెరని వదిలేసి వెనక్కి తిరిగింది.
అంత చీకట్లో, అంతమందిలో,
వెతక్కుండానే నన్ను చూసింది.

నా కళ్లజోడు
కుడి అద్దంలో
సన్నగా, వెంట్రుకంత,
గీత.