నలభై ఏడో సంచిక

నరసాపురం రేవులో ఆఖరి పంటు కోసం
కూర్చున్నాం నలుగురం.
అవతల సఖినేటిపల్లి దీపాలు
ఒకటీ అరా వెలుగుతున్నాయి.

"ఉక్కుడేగ ఇప్పుడు ఏడుస్తున్నాడంటండీ,"
అన్నాడు బుల్లబ్బులు, రొయ్యల మేత వ్యాపారి.
"ఎవరో డాక్టరు ముందు కూర్చుని
చిన్నప్పటి సంగతులు చెప్పుకుంటున్నాడంట.
ఆయ్, ఎనిమిది పేజీలు! ఒక్క గుద్దు లేదు."

జిలానీ టీ గ్లాసు కింద పెట్టాడు.
"ఈ పదేళ్ళలో నాలుగుసార్లు చచ్చాడు.
రెండోసారి దాకా నాకు అన్నం సయించలేదు.
చచ్చినోడు మర్యాదగా చచ్చుండాలా, వద్దా?"
తొమ్మిదో ఏట ఎర్ర దుప్పటి కత్తిరించి
మా నలుగురికీ రెక్కలు కుట్టినవాడు జిలానీ.
ఆ దుప్పటి వాళ్ళ నానమ్మదని
తన్నులు తిన్నాకే మాకు చెప్పాడు.

ఏసుపాదం మాట్లాడటం తక్కువ.
లాకుల మీద లస్కరుగా ముప్పై ఏళ్ళు
తలుపులెత్తి తలుపులు దించినవాడు.
"వరదకి నీలం రంగేస్తన్నారు," అన్నాడు చివరికి.
"వరద నీలంగా ఉంటదేటి?
మన రోజుల్లో ఎర్రగా వేసేవోడు, అచ్చం గోదారిలాగ."

మన రోజుల్లో రంగులే లేవు.
నలుపూ, ఆ నలుపు అలికిన చోట బూడిదా.
ఆ మాట ఎవరం అనలేదు.

గవరయ్య బడ్డీలో కొబ్బరి తాడు మీద
బట్టల క్లిప్పులకి వేలాడేవి పుస్తకాలు.
పావలా ఇస్తే ఒక పూట మనవి.
నలభై ఏడో సంచికలో
ఆనకట్ట తలుపు పగులుతుంది,
ఉక్కుడేగ భుజం ఆనించి నిలబడతాడు,
నీళ్ళు గొంతు దాకా...
అక్కడితో సరి. ఆఖరి కాగితంలో
గవరయ్య పెళ్ళాం ఎవరికో బెల్లం కట్టిచ్చేసింది.

నలభై రెండేళ్ళ నుంచి
ఆ బెల్లం కాగితం మీదే బతుకుతున్నాం.
రెక్కలు పీకి ఆ పగుల్లో కుక్కాడని బుల్లబ్బులు.
అక్కడే చచ్చిపోయాడు, నిజంగా, ఒకేసారి, అని జిలానీ.
"తలుపు ఆపకూడదు," అంటాడు ఏసుపాదం,
"రెండేసి అంగుళాలు ఎత్తుకుంటా పోవాలి,
దిగువోళ్ళు గొడ్లు విప్పుకునే టైమివ్వాలి.
ఆడలాగే చేశాడు."
ఏమాటకామాట, అలాంటి కథలు ఇప్పుడెవరు రాస్తన్నారని
ముగ్గురూ ఒకేసారి నిట్టూర్చారు.

నా సంచిలో ఉంది నలభై ఏడో సంచిక.
పోయిన నెల పాలకొల్లులో పాత కాగితాల కొట్లో
ఆరొందలు పోసి కొన్నాను, పేజీలన్నీ ఉన్నాయని.
ఆఖరి పేజీలో విలను పాచి మెట్టు మీద జారి పడతాడు.
ఇంజనీరు గారు ఇసక బస్తాలు పట్టుకొస్తారు.
"ధన్యవాదాలు" లో ఒత్తు ఎగిరిపోయింది.
మిగతా సగం పేజీ పళ్ళపొడి ప్రకటన.

సంచి ముడి ఇంకొంచెం బిగించాను.

పంటు వచ్చింది. బళ్ళు ఎక్కాయి, మేకలు ఎక్కాయి.
టీ కొట్టు ట్యూబులైటు కింద ఒక కుర్రాడు,
కాలేజీ సంచి ఒళ్ళో, దాని మీద
ఈ నెల ఉక్కుడేగ. ఆ ఏడుస్తున్నవాడే.
పెదాలు కదుపుతూ చదువుతున్నాడు.
హారన్ వినపడలేదు.
"ఒరే అబ్బాయ్, ఇదే ఆఖరిది!" అరిచాడు బుల్లబ్బులు.
కుర్రాడు తలెత్తకుండా ఒక వేలు చూపించాడు.

తాడు విప్పుతున్నవాడి చేతి మీద
ఏసుపాదం చెయ్యి పడింది.
"ఆగవయ్యా. పేజీ అవ్వనీ."

నీళ్ళు చెక్కలకి తగులుతున్నాయి.
ఒక మేక అరిచింది. స్కూటరతను విసుక్కున్నాడు.
కుర్రాడు పరిగెత్తుకొచ్చి ఎక్కాడు,
కళ్ళు తుడుచుకుంటూ, మమ్మల్ని చూసి సిగ్గుపడుతూ.

నది మధ్యకి వచ్చేదాకా ఓపిక పట్టాడు బుల్లబ్బులు.
తర్వాత, ఎటో చూస్తున్నట్టు అడిగాడు:
"ఏరా, ఏడుపు ఆపాడా ఆడు?"