ఏడోసారి

కొత్తపేటలో మా ల్యాబు,
మందుల షాపుకీ టిఫిను బండికీ నడుమ.
రాత్రి డ్యూటీ నాది.
గొర్రె నెత్తురు కలిపిన పళ్లేల మీద
ఎవరి పిల్లల గొంతులనో
సన్నటి తీగతో గీతలు గీసి
ముప్పై ఏడు డిగ్రీల వెచ్చదనంలో పడుకోబెడతాను.
తెల్లారేసరికి ఆవగింజకన్నా చిన్న చుక్కలు,
ఒక్కో చుక్క చుట్టూ ఎరుపు కరిగి
గాజులా తేటపడిన సున్నా.
అందంగా ఉంటుంది.
ఆ మాట పైకి అనను.

ఈ రాత్రి ఒక పళ్లెం అడుగున
కెజియా, ఆరేళ్లు.
రాత నాదే.

ఈ ఏడాదిలో ఏడోసారి.
మింగలేనప్పుడు అది
"ముల్లొచ్చింది నాన్నా" అంటుంది.
గులాబీరంగు మందు సీసా ఊపితే చాలు
అడక్కుండానే నోరు తెరుస్తుంది.
జ్వరంకన్నా ఆ అలవాటే నాకు భయం.

మా అమ్మ ఎస్తేరమ్మకి ఆపరేషనంటే గిట్టదు.
"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంట"
అంటూ పిల్ల మెడ తడుముతుంది.
పాతికేళ్లు మిర్చి యార్డులో తాలు ఏరిన చెయ్యి,
ఎంత కడిగినా ఘాటు పోదు.
పిల్ల తుమ్ముతుంది.

డాక్టర్ నీలోఫర్ నాకు చెప్పింది
నేను అమ్మకి చెప్పాను, వచ్చిన భాషలో:
టాన్సిలు కూడా యార్డేనమ్మా.
లోపల కణాలు కుప్పలుగా చేరితే
క్రిమిని పట్టే గుణమున్నవాటిని ఏరతారు,
తక్కినవి తాలు.
ఏరినవే రేపటికి గుర్తు,
అదే క్రిమి మళ్లీ వస్తే గేటు దగ్గరే ఆపుతాయి.
కొందరు పిల్లల్లో ఆ కుప్పలు చిన్నవి.
పక్కన నిలబడి సాయం పట్టాల్సిన కణమే
ఒక్కోసారి మంచికాయని కూడా చంపేస్తుందట.

అమ్మ తొడిమ తీస్తున్న చెయ్యి ఆపింది.
"అయితే మేస్త్రీ దొంగన్నమాట."

నా డిప్లొమా పుస్తకాల్లో ఇంత సూటి మాట లేదు.

కాసేపాగి తనే అడిగింది:
"ఆ మేస్త్రీ మనింటివాడేనా?"
కొన్ని కుటుంబాల్లో ఎక్కువట, అన్నాను.
చిన్నప్పుడు నా గొంతులో ఊదారంగు మందు పూసిన
దూదిపుల్ల గుర్తొచ్చింది.
చెల్లి సలోమి గుర్తొచ్చింది.
మోకాళ్లు నొప్పంటే ఎదుగుతోందిలే అన్నాం,
నొప్పి గుండె కవాటం దాకా నడిచెళ్లింది.
ఇవాళ్టికీ ఇరవై ఒక్క రోజులకోసారి
పెన్సిలిన్ సూదికని బస్సెక్కి వస్తుంది,
ఆ రోజు మా ఇంట్లో నిలబడే టీ తాగుతుంది.

అమ్మ ఇంకేం అనలేదు.
నేను డ్యూటీకి బయల్దేరుతుంటే
సంచిలో పిల్ల దుప్పటి మడిచి పెడుతోంది,
ఆస్పత్రివాళ్లు తేదీ చెప్పకముందే.

నాలుగున్నరకి తలుపు తీశాను.
సున్నాలున్నాయి.
రిజిస్టర్లో రాశాను,
మిగతా పిల్లల పేర్ల ఎదుట రాసినట్టే.

బయట శేషగిరి స్టవ్ వెలిగించాడు.
"రెండిడ్లీ కట్టు, మెత్తగా, కారం లేకుండా."
"గుంటూర్లో ఉండి కారం వద్దంటారేంటండీ!"
నవ్వాడు. నేనూ నవ్వాను.
పొట్లం అరచేతిలో వేడిగా ఉంది,
ముప్పై ఏడుకంటే ఎక్కువే.