ఏడు పుల్లలు

బుధవారం మా పశువుల కాలేజీలో మగపిల్లులకు ఆపరేషన్లు.
కొర్లగుంట నుంచి ఒకటి, బైరాగిపట్టెడ నుంచి రెండు,
ఉల్లిపాయల సంచిలో వేసి మూతి కట్టి తెస్తారు.
అరుపులకు వరండా అంతా అదురుతాది.
పిల్లలు వద్దని తెచ్చినోళ్ళు
చీటీ రాయించుకొని టీకి పోతారు.
ట్రేలో మిగిలింది
ముందైతే చెత్తబుట్టకు పోయేది.
ఇప్పుడు నా చేతికొస్తాది,
చింతగింజంత, ఇంకా వెచ్చగా.

ఈ ఊర్లో తలనీలాలు ఇచ్చినోళ్ళు
అవి యాడికి పోతాయని అడగరు.
పిల్లులూ అడగలేదు.

వత్సలా మేడం సన్న బ్లేడుతో
చుట్టలు చుట్టుకున్న గొట్టాన్ని విప్పుతారు.
నేను కోడిగుడ్డు కొట్టి
తెల్లసొన గిన్నెలోకి వంచి
పచ్చసొనను కాగితం మీద దొర్లిస్తా.
చలికి చావకుండా వాటికి ఇదే కంబళంట.
మా నాయన బస్టాండు కాడ ఆమ్లెట్ బండి నడిపినాడు.
ఆ చేతికి పుట్టినోణ్ణి,
ఒక్క సొన చెదరనీను.

రెండేళ్ళు ఇదే పని.
గడ్డకట్టించి, మళ్ళా కరిగించి చూస్తే
తోకలు మెలితిరిగి, తలలు వాలిపోయి,
నూటికి పది ఈదితే పండగ.
పోయిన ఉగాదికి పదహైదు.
ఈ మార్చికి నలభై.
‘గోడ గోడకూ ఉండే ఊరపిల్లులకు ఇంత యాతన ఎందుకు మేడం?’ అంటే
‘చేయి తిరగాల పెంచలయ్యా.
అడవిది వచ్చినరోజు నేర్చుకుంటామంటే కుదరదు.’

అడవిది వచ్చింది.
మామండూరు దాటినాక రోడ్డు మీద, తెల్లారి నాలుగింటికి.
బీటు వాచరు మునెయ్య
టమోటా బుట్టలో పడుకోబెట్టి, తడి తువ్వాలు కప్పి
బైకు మీద తెచ్చినాడు.
తుప్పుమచ్చల పిల్లి.
మా క్యాంటీను పిల్లిలో సగం ఉండాది.
‘పిల్ల అనుకుంటి అన్నా. కాదు, నిండు మగది.’
నుదుటి మీద తెల్లచారలు, నిలువుగా.
వేలితో చూపించి
‘నామాలు’ అన్నాడు.
ఇంకేమీ అనలేదు.

లారీ ఎప్పుడు తగిలిందో, ఒళ్ళు కొయ్యబారింది.
అయినా చావు ఒక్కసారే రాదు.
గది గదికీ దీపం ఆర్పుకుంటా వస్తాది.
చివరి గదికి
దానికన్నా ముందు మేము చేరుకోవాల.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.
మేడం పాత మైక్రోస్కోపు దించమన్నారు,
అద్దాన్ని కిటికీ వైపు తిప్పుకున్నారు.
కొండ మీది ఎండ ఒక గడి అంత లోపలికొచ్చింది.
ఎప్పుడూ గట్టిగా లెక్కపెట్టే మనిషి
లెక్కపెట్టలేదు.
‘రా, చూడు’ అన్నారు.

ఈదుతా ఉండాయి.
సగం వంకరవే. సగం గుండ్రంగా తిరుగుతా
ఉన్న తావే ఉండాయి.
మిగిలినవి మాత్రం
ఎవరో పిలిచినట్టు ఒకే దిక్కుకు.

ఏడు పుల్లలు నిండినాయి, అంతే.
నత్రజని ఆవిరి మీద పది నిమిషాలు పరిచి
ముంచితే బుస్సుమనింది.
పుల్ల మీద ఏం రాయాల?
ఊరపిల్లులకు నెంబర్లు ఉండాయి.
పెన్ను పట్టుకొని రొంతసేపు నిలబడితి.
‘మామండూరు, మగది’ అని రాయమన్నారు.
రాసినా. వద్దనుకుంటానే
చివర రెండు నిలువు గీతలు పెట్టినా.
మేడం చూసినారు, చెరపమనలేదు.

ఆడది లేదు. మా జూలో లేదు.
దూరంలో ఒక జూకి ఉత్తరం పోయి ఏడు నెలలు.
సోమవారం సోమవారం క్యాను మూత తీసి
చెక్క స్కేలు దించుతా.
మంచు ఎంత మేర పడితే అంత లోతు.
పద్నాలుగు. పన్నెండు.
పోసినా. మళ్ళా పదహారు.
పండగ సెలవైనా వస్తా.
‘చచ్చినదానికి కాపలా ఏంది?’ అంటాది నా పెండ్లాం.
ఏం చెప్పాలో ఇంకా తోచలేదు.

వెనక మెట్టు మీద తెల్లసొన గిన్నె పెడతా.
క్యాంటీను ఆడపిల్లి వస్తాది,
కడుపు నేలను రాసుకుంటా.
ఇది దాని నాలుగో ఈత.
గిన్నె నాకేసి
నా వేళ్ళకంటిన చలిని వాసన చూసి
తుమ్మి
గోడ దూకి పోతాది.