ఓదెలు శుక్రవారం

జగిత్యాల ఏజెంటు డ్రైవర్ వీసా అన్నడు.
ఏ రోడ్డు మీదనో ఆయన చెప్పలేదు, ఓదెలు అడగలేదు.
సల్మాబాద్ షెడ్డుల దిగి చూస్తే
బండికి చక్రాల్లేవు, హారన్ లేదు,
స్టీరింగ్ ఉండే కాడ
సంవత్సరాలు తిప్పే గుండీ ఒక్కటుంది.

పొద్దుగాల ముహర్రక్ ఒడ్డుకు, ముత్యాల పడవల కాలానికి,
టూరిస్టులను దింపాలె.
ముక్కుకు క్లిప్పు పెట్టుకున్న గజ ఈతగాళ్లతోని
వాళ్లు ఫొటోలు దిగేదాక ఎండల నిలబడాలె,
ఆ కాలంల నీడకు బస్టాపు సుత లేదు.
పగటియాల్ల రెండువందలేండ్లు ముందుకు ఉరుకుడు.
అక్కడ సముద్రం మా షెడ్డు దాక వచ్చిందట,
షెడ్డు మునిగిందట, షెడ్డు మీద చేపలు తిరుగుతున్నయట,
ఫోర్‌మన్ మాత్రం పడవల నిలబడి
"లేటెందుకైంది?" అని అడుగుతడట.

పాస్‌పోర్టు ప్రకారం ఓదెలు వచ్చి రెండేండ్లు.
మోకాళ్ల ప్రకారం ముప్పై ఒకటి.
లెక్కల సారు పాస్‌పోర్టునే నమ్ముతడు,
మోకాళ్ల మీద ముద్ర లేదు గద.
సీపీఆర్ కార్డు మీద నల్లమీసం చూసి
"కొడుకు కార్డెందుకు పట్టుకొచ్చినవ్ పెద్దాయనా" అన్నడు పోలీసు.
వీడియో కాల్ చేస్తే పెండ్లాం
"ఫోన్ ఆయనకియ్యి తాతా" అన్నది.
ఇచ్చిండు. కెమెరా గోడ దిక్కు తిప్పి,
దగ్గి, పాత గొంతు ఎతికి తెచ్చుకొని
అప్పుడు మాట్లాడిండు.

అది సుత బాధ కాదంటడు.
బాధల్లా శుక్రవారం.
గురువారం రాత్రి ఆఖరి ట్రిప్పు కొట్టి బండి మళ్లిస్తే
సరిగ్గ శనివారం తెల్లారుగట్ల నాలుగున్నరకు,
క్యాంపు బస్సు హారన్ కొడుతుంటె దిగుతది.
నడిమి దినం ఎటువాయె?
కంపెనీ సెట్టింగట.

నేను ఏసీ మెకానిక్కును.
"గ్యాసు తక్కువైందేమో చూడు పోశెట్టీ" అని
ఒక బుధవారం బండి తెచ్చిండు.
మూత ఇప్పితే లోపల అంత పెద్ద ఖగోళమేం లేదు.
ఒక కంప్రెషరు, రెండు ఫ్యాన్లు,
ఏ కాలపు ఎలుకదో, గుప్పెడు పెంటికలు,
నలభై ఐదు మైక్రోఫారాడ్ల కెపాసిటరు.
నా విండో ఏసీలకు వేసేదే.
"చెప్పే, ఏం గావాలె నీకు?
ఇంటికి తోల్కపోతవా? మల్ల పడుచోనివి అయితవా?"
ఓదెలు చానాసేపు ఆలోచించిండు.
"పండుకుంట" అన్నడు.

శుక్రవారం పదకొండు గంటలకు బండి ఆపిచ్చి
కెపాసిటరు పీకి జేబుల వేసుకున్న.
ఆయన మీది మంచం ఎక్కి
చెప్పులు ఇడువకుండనే గుర్రు.

నేననుకోలేదు గని, క్యాంపు క్యాంపంతా
ఆ దినంల ఇరుక్కున్నది.
రాత్రి పన్నెండు కొడుతది, మల్ల శుక్రవారమే.
మొదలు సంబురమే. మల్ల మటన్, మల్ల క్యారమ్స్,
బంగ్లావాళ్ల గదిల అదే మ్యాచు, అదే ఆఖరి ఓవరు,
ఓడేటోళ్లెవలో తెలిసి సుత
జహిదుల్ మల్ల వాళ్ల మీదనే పందెం కట్టిండు.
ఊశన్న ప్రతి పొద్దు కటింగ్ చేయించుకున్నడు,
ప్రతి రాత్రి మొలిసింది.
తొమ్మిదో శుక్రవారం ఎవడో జీతం సంగతి ఎత్తిండు.
నెలాఖరు ఎట్లొస్తది బిడ్డా, రేపే రాకుంటే.

నా గోస వేరే.
గంజులు తోముడు ఆ వారం నా వంతు.
ఆ వారమే ఇంక నడుస్తున్నది.
అదే గంజు, అదే మాడు,
అడుగుకు అంటిన అదే బగార మెతుకు.
జేబుల కెపాసిటరు కోడిగుడ్డు లెక్క వెచ్చగుంది.
తీసి బిగిస్తే రెండు నిమిషాల పని.
ఎన్నిసార్లు జేబుల చెయ్యి పెట్టిన్నో నాకే ఎరుక.

ముప్పై ఒకటోసారి గంజు బోర్లిస్తుంటె
మీది మంచం కిర్రుమన్నది.
ఒక చెప్పు కింద పడ్డది.
"పోశెట్టీ, ఇయ్యాల ఏం వారమే?"

మోచేతుల దాక నురుగు.
బయట బస్సు లేదు.
"శుక్రవారమే" అన్న. "అటు మళ్లి పండు."